తట్టు మూలమును చిక్కించుకొన్న సాహిత్య విద్యార్థి – జాన్ ఎండర్సు

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సందర్భమున ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్య ప్రబంధములతో ప్రొద్దుపుచ్చుట నా వ్యసనము. కావున నేను పోతనామాత్యునో, సురవరం ప్రతాపరెడ్డిగారినో ఎన్నుకొందునని పలువురు తలచియుందురు. ఆ మహానుభావులను గూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు కలరు. నేను మన దేశమువాడు కాని, మన భాష యెరుగని యొక వైద్యశాస్త్ర పరిశోధకుని కథ చెప్పదలచితిని. ఆయన పేరు జాన్ ఫ్రాంక్లిన్ ఎండర్సు. తొమ్మిది నెలలు నిండిన పసిబిడ్డకు మన పల్లెలలో వేయు తట్టు టీకా ఆయన ప్రయోగశాలనుండి వెలువడిన బీజమునకు సంతతి. బిడ్డ నెత్తుకొని వరుసలో నిలుచు తల్లులలో ఆయన పేరు విన్నవారు ఒక్కరైన నుందురో లేదో.

మరియొక కారణము గూడ కలదు. ఈయన ముప్పదియేండ్ల ప్రాయము సమీపించువరకు వైద్యముతో నెట్టి సంబంధమును లేని సాహిత్య విద్యార్థి. గ్రంథాలయమున కూర్చుండి కథలు, కావ్యములు చదువువారిని చూచి, వీనివలన కూడు వచ్చునా యని యడుగువారు మన యూరిలోను కలరు గనుక, ఈ చరిత్ర ఈ సంచికలో చెప్పదగినదని నాకు తోచినది.

ముందుగా వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. తట్టు, పొంగు అని మనవారు పిలుచు ఈ జబ్బు ప్రాచీనమైనది. మాధవ నిదానమున మసూరికతో పాటు రోమాంతిక అను పేర దీనిని పోలిన వ్యాధి వర్ణింపబడినది. పదియవ శతాబ్దమున పారశీక వైద్యుడు అల్ రాజీ మశూచికిని తట్టుకును గల భేదమును వివరించి గ్రంథము వ్రాసెను. మన ప్రాంతమున దీనిని అమ్మవారి రాకగా నెంచి, గుమ్మమునకు వేపమండలు కట్టి, ఇంట పోపు పెట్టుట మాని, పరులను లోనికి రానీయక యుండెడివారు. ఈ యాచారమును పరిహసించుట నాకిష్టము లేదు. రోగిని వేరుగా నుంచుట వలన పొరుగు పిల్లలకు కొంత మేలే జరిగియుండును. కాని వ్యాధి దానితో ఆగునది కాదు. ఏలయన, దద్దు పైకి కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే అది ఇతరులకు అంటుకొనగలదు. తొలుత జ్వరము, దగ్గు, జలుబు, కన్నులెర్రబారుట. పిమ్మట బుగ్గల లోపల తెల్లని చిన్న చుక్కలు. అటుపై చెవుల వెనుకను ముఖమునను మొదలై దేహమంతట వ్యాపించు ఎర్రని దద్దు. రోగి లేచిపోయిన గదిలో సయితము రెండు గంటలవరకు గాలియందు ఆ విషము నిలిచియుండగలదు. రక్షణ లేనివారి నడుమ ఒక్క రోగినుండి 12 మొదలు 18 మందికి సోకునని శాస్త్రజ్ఞుల లెక్క.

పెక్కుమంది పిల్లలు కోలుకొందురు. కోలుకొననివారు చాలవరకు దద్దు వలన గాక, దాని వెంట వచ్చు ఊపిరితిత్తుల వాపు వలనను, విరేచనముల వలనను, మెదడు వాపు వలనను మరణింతురు. తిండి చాలని పిల్లలలో, ఎ విటమిను కొరవడినవారిలో, కండ్లు పోయినవారు కలరు. నా బాల్యమున మా వీధిలో ఒక పసివానికి తట్టు తగ్గినదని తలకు నీళ్లు పోసిన వారము దినములకే రొప్పు పుట్టి ప్రాణము పోయెను. అమ్మవారు దిగిపోయినది గదా, మరి బిడ్డ యేల పోయెనని పెద్దలు బహుకాలము వితర్కించుకొనిరి. తట్టు తగ్గిన పిమ్మట కొన్ని నెలలవరకు, ఒక్కొకప్పుడు అంతకు మించియు, దేహము పూర్వము ఇతర రోగములపై సంపాదించుకొన్న శక్తిని కోల్పోవునని ఇటీవలి పరిశోధకులు కనుగొనిరి. ఆనాటి వితర్కమునకు ఇదియొక సమాధానము.

ఈ వ్యాధికి మూలమేమని వెదకినవారు ఎండర్సునకు పూర్వము పలువురు కలరు. 1757లో ఎడింబరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోము రోగి రక్తమును ఆరోగ్యవంతుల చర్మమునకు సోకించి చూచి, విషము రక్తమందున్నదని తెలిసికొనెను. 1846లో ఫారో దీవులలో తట్టు చెలరేగి ఎనిమిది వేలకు లోపైన జనములో దాదాపు ఆరు వేలమందిని పడవేసెను. డెన్మార్కు ప్రభుత్వము పంపగా అచటికి పోయిన పానము అను యువవైద్యుడు ఇల్లిల్లు తిరిగి విచారించి యొక వింతను గమనించెను. ఆ దీవులలో అంతకు ముందు తట్టు వచ్చినది 1781లో. ఆనాడు శిశువులుగా నుండి తట్టు పడిన వృద్ధులలో ఒక్కరికిని అరువదియైదేండ్ల పిమ్మట అది మరల రాలేదు. ఒకసారి వచ్చినచో జీవితాంతము రక్షణ గలదని రుజువాయెను. 1911లో అమెరికా దేశమున ఆండర్సను, గోల్డుబర్గరు అనువారు రోగి రక్తమును మిక్కిలి సన్నని వడపోత గుండ పోనిచ్చి, బాక్టీరియాలు దాటలేని ఆ వడపోతను దాటివచ్చిన ద్రవముతో కోతులకు వ్యాధి కలిగించిరి. కనుక తట్టుకు మూలము వైరసు అని తేలెను.

తేలుట వేరు, చేతికి చిక్కుట వేరు. బాక్టీరియాకు తగిన పులుసు కాచి గాజుపాత్రలో పోసినచో అది పెరుగును. వైరసు అట్లు పెరుగదు. అది బ్రతికియున్న జీవకణములోనికి దూరి, దాని సరంజామాతోనే తన సంతతిని వృద్ధి చేసికొనును. కణము చచ్చినచో దాని పెరుగుదలయు నిలిచిపోవును. పట్టి పెంచనిదే దానిని బలహీనపరచి టీకాగా మార్చుట పొసగదు. 1911 తరువాత నలువదేండ్లకు పైగా పలువురు తట్టు వైరసును పెంపజూచినను, నమ్మదగిన మార్గము దొరకలేదు. దొరకించినవాడు మన కథానాయకుడు.

జాన్ ఎండర్సు 1897 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, వెస్ట్ హార్ట్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి బ్యాంకు అధిపతి, కలిమిగల కుటుంబము. యేల్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. చదువు మాని నౌకాదళమున విమానము నడపుట నేర్చి, ఇతరులకు నేర్పు పని చేసెను. యుద్ధానంతరము పట్టము పుచ్చుకొని కొంతకాలము ఇండ్లు, స్థలములు అమ్ము వ్యాపారమున దిగెను. అది ఆయనకు రుచింపలేదు. మన మేడ్చల్, శామీర్‌పేటలలో ఇప్పుడు ఆ వ్యాపారము రుచింపనివారే అరుదు గనుక ఈ సంగతి చదువరులకు వింతగా తోచవచ్చును.

వ్యాపారము వదలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యమును, ప్రాచీన జర్మానిక, కెల్టిక భాషలను అభ్యసించి 1922లో ఎం.ఏ. పట్టమందెను. సాహిత్యాచార్యుడు కావలెనని ఆయన సంకల్పము. పై పట్టమునకు పరిశోధన గూడ ఆరంభించెను. ఆ కాలమున ఆయన బసలో ఆస్ట్రేలియా దేశస్థుడైన హ్యూ వార్డు అను సూక్ష్మజీవిశాస్త్ర బోధకుడు సహవాసిగా నుండెను. సాయంకాలములందు వార్డు తన ప్రయోగశాలకు పోవునపుడు ఎండర్సును తోడుగా పోవుచుండెను. స్నేహితుని కొరకు పోయినవాడు సూక్ష్మదర్శిని క్రింద కనబడు లోకమునకు వశుడయ్యెను. ఆ ప్రయోగశాలకు అధిపతి హాన్స్ జిన్సరు. ఆయన టైఫస్ జ్వరమును శోధించిన మహాశాస్త్రజ్ఞుడే గాక కవి, రసజ్ఞుడు. ఎలుకలు, పేలు చరిత్ర గతిని మార్చిన విధమును వినోదముగా వర్ణించి గ్రంథము వ్రాసినవాడు. సాహిత్యమును విడువకయే శాస్త్రమున నిలువవచ్చునని ఎండర్సునకు ఆ గురువును చూచియే ధైర్యము కలిగియుండునని నా యూహ. ముప్పదియేండ్లు సమీపించిన దశలో, తోటివారు ఉద్యోగములలో స్థిరపడియుండగా, ఆయన మరల మొదటి బెంచీపై కూర్చుండెను. 1930లో సూక్ష్మజీవిశాస్త్రమున డాక్టరు పట్టము వచ్చునప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడు.

తరువాతి పదునెనిమిదేండ్లు లోకము దృష్టిలో చెప్పుకొనదగినవి కావు. ఆయన బోధించుచు, నెమ్మదిగా పనిచేయుచు నుండెను. 1938 ప్రాంతమున వైరసుల వైపు మరలి, కణజాలమును గాజుగొట్టములలో సజీవముగా నిలుపు విద్యను సాధన చేసెను. రెండవ యుద్ధకాలమున గవదబిళ్లల వైరసుపై కృషి చేసి, చెంపలు వాయకుండగనే ఆ వ్యాధి వచ్చిపోవచ్చునని నిరూపించెను. 1943లో భార్య సారా మరణించెను. ఇద్దరు బిడ్డలు తల్లి లేనివారైరి. 1946లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో అంటువ్యాధుల పరిశోధనకై ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అప్పటికి ఆయనకు దాదాపు ఏబది. మన కచేరీలలో ఆ వయస్సు వచ్చినవాడు పింఛను లెక్క వేసికొనుచుండును.

ఆ ప్రయోగశాలకు యుద్ధమునుండి మరలివచ్చిన ఇద్దరు యువవైద్యులు చేరిరి. ఒకరు థామస్ వెల్లరు, మరియొకరు ఫ్రెడరిక్ రాబిన్సు. 1948లో వెల్లరు ఆటలమ్మ వైరసును పెంచవలెనని మానవ పిండపు చర్మ మాంస కణములతో గొట్టములు సిద్ధపరచెను. కొన్ని గొట్టములు మిగిలెను. శీతలపేటికలో పోలియో వైరసు నిలువయుండెను. మిగిలిన గొట్టములలో దానిని వేసి చూచిరి. అంతకు ముందు పండ్రెండేండ్లుగా, పోలియో వైరసు నాడీకణములందు తప్ప పెరుగదని పండితులందరు నమ్మియుండిరి. నాడీకణములలో పెంచినదానితో టీకా చేయుట ప్రమాదకరము గనుక ఆ మార్గము మూసికొనిపోయెను. ఇచటనో చర్మ మాంసములందే వైరసు పెరిగెను. ఆ ద్రవమును ఎక్కించిన చిట్టెలుకలకు కాళ్లు పడిపోవుటతో సందేహము తీరెను.

మిగిలిన గొట్టముల వలన కలిగిన అదృష్టమని దీనిని చెప్పువారు కలరు. నేనట్లు తలపను. అంతకు పూర్వము ఇతరులు కొలది దినములకొకసారి వైరసును ఒక కణజాలమునుండి మరియొక దానికి మార్చుచుండెడివారు. ఎండర్సు శిష్యులు కణజాలమును కదలింపక, పైనున్న పోషకద్రవమును మాత్రము తీసి క్రొత్తది పోయుచు వారములతరబడి నిలిపిరి. నారుమడిలో నీరు మార్చుదుముగాని నారును ప్రతిదినము పెరికి నాటము గదా. పెన్సిలిను వంటి క్రొత్త మందులు గొట్టములలో బూజు, బాక్టీరియాలు చేరకుండ తోడ్పడినవి. తొందర లేని గురువునకు తగిన పద్ధతి యిది.

1949 జనవరిలో ప్రకటింపబడిన ఆ చిన్న వ్యాసమే పోలియో టీకాలకు ద్వారము తెరచెను. 1955లో సాల్కు టీకా వచ్చినను, పిదప సేబిను చుక్కలమందు వచ్చినను దానిపై నిలిచినవే. ఆ పరిశోధనలకును తయారీకిని కావలసిన కోతులు వేలకొలదిగ మన దేశమునుండియే పోయినవని స్మరింపదగును. మన దేశమున చివరి పోలియో రోగి 2011 జనవరిలో బెంగాలు రాష్ట్రమున కనబడెను. 2014 మార్చిలో ఈ ప్రాంతమంతయు పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ధ్రువపరచిరి.

1954లో నోబెల్ బహుమతి ఎండర్సును వరించెను. పని చేసినవారు ఆ యువకులు గనుక బహుమతి వారితో కూడ పంచినగాని తాను స్వీకరింపనని ఆయన పట్టుబట్టెనని ప్రసిద్ధి. ఆ యేడు బహుమతి ముగ్గురికిని సమముగా ఈయబడెను. ప్రయోగశాల యజమాని పేరు పైన వ్రాసి, పనివారి పేరు క్రింద చిన్నయక్షరములతో వ్రాయుట లోకమున వాడుక. జమ ఒకరి పేర, ఖర్చు మరియొకరి పేర వ్రాయు లెక్కలను నేను పెక్కు చూచితిని. ఇట్టి లెక్క అరుదు.

నోబెల్ బహుమతి వచ్చిన ఆ సంవత్సరమే తట్టు కథయు నడచెను. థామస్ పీబుల్సు అను యువవైద్యుడు ఎండర్సు వద్ద చేరియుండెను. ఇతడును యుద్ధకాలమున నౌకాదళ విమానము నడపినవాడే. 1954 జనవరిలో బోస్టనుకు కొంతదూరముననున్న సౌత్‌బరో గ్రామమందలి ఫే పాఠశాలలో బాలురకు తట్టు సోకెనని తెలియగనే పీబుల్సు అచటికి పోయి, పడుకొనియున్న బాలుర నొక్కొక్కరినే అనుమతి యడిగి గొంతునుండి తడియు, చేతినుండి రక్తమును సేకరించెను. మొదటి నమూనాలు ఫలింపలేదు. ఫిబ్రవరిలో ఎడ్మన్‌స్టను అను బాలుని రక్తము దొరకెను.

దానిని వేసినది మానవ మూత్రపిండ కణములలో. ఆ కాలమున తలలో నీరు చేరు జబ్బుగల పిల్లలకు చేయు ఒక శస్త్రచికిత్సలో ఒక మూత్రపిండమును తీసివేయవలసి యుండెడిది. అట్లు తీసినదానినే కణములుగా విడదీసి పెంచిరి. కొన్ని దినములకు సూక్ష్మదర్శిని క్రింద వింత మార్పు గోచరించెను. విడివిడిగా నుండవలసిన కణములు గోడలు కరగి యొకదానితో నొకటి కలిసిపోయి, పెక్కు కేంద్రకములు గల పెనుకణములుగా మారెను. తట్టు వలన మరణించిన పిల్లల దేహములందు ఇట్టి పెనుకణములను పూర్వులు చూచియే యుండిరి.

చూచినంతనే ఎండర్సు సంతోషింపలేదు. మూత్రపిండములోనే దాగియున్న వేరొక వైరసు ఈ పని చేయలేదని నమ్ముటెట్లు? కావున రోగుల రక్తరసమును రెండుమారులు తీసి పరీక్షించిరి: జబ్బు మొదటి దినములలో నొకసారి, తగ్గిన పిమ్మట నొకసారి. మొదటి రసము ఆ మార్పును ఆపలేదు. కోలుకొన్న పిమ్మట తీసిన రసము కలిపినచో కణములు చెక్కుచెదరక నిలిచెను. తట్టునుండి బయటపడిన దేహము తయారుచేసికొన్న ప్రతిపదార్థము గొట్టములోని వైరసును అణచెను. అనగా గొట్టములో నున్నది తట్టు వైరసే. ఎండర్సు, పీబుల్సు కలిసి ఆ సంవత్సరమే ఈ విషయమును ప్రకటించిరి. వైద్యులు వేయేండ్లుగా వర్ణించుచున్న వ్యాధి యొక్క మూలము మొదటిసారి నమ్మదగిన రీతిని మనుష్యుని చేతికి చిక్కెను.

చిక్కినదానిని సాధుపరచుటకు మరి నాలుగేండ్లు పట్టెను. అడవి ఏనుగును మచ్చిక చేయుట వంటి పని. మూత్రపిండ కణములలో 24 మారులు, శిశువును చుట్టియుండు ఉమ్మనీటి పొర కణములలో 28 మారులు పెంచి, పిదప కోడిగ్రుడ్డులోని పిండమునకును, అచటనుండి కోడిపిండపు కణములకును మార్చిరి. కోడి కణములకు అలవాటుపడిన వైరసు మనుష్యునియందు తన క్రూరత్వమును చాలవరకు మరచెను. దానిని పొందిన కోతులకు దద్దు రాలేదు, రక్తమున వైరసు కనబడలేదు. రక్షణ మాత్రము కలిగెను. ఈ దశలో శామ్యూలు కాట్జు అను పిల్లల వైద్యుడు ఎండర్సునకు కుడిభుజమై నిలిచెను.

ఇక చెప్పవలసినది చెప్పకపోయినచో చరిత్ర స్తోత్రమగును. ఈ టీకా 1958లో మొదట ఈయబడినది బోస్టను సమీపమున, బుద్ధిమాంద్యము గల పిల్లలను ఉంచు ఫెర్నాల్డు అను ప్రభుత్వ సంస్థలోని 11 మంది పిల్లలకు. ఆ సంస్థలో తట్టు తరచుగా చెలరేగి ప్రాణములు తీయుచుండుటయు, తలిదండ్రుల అనుమతి పొందుటయు, కాట్జు పోయి ఆ పిల్లలను స్వయముగా కనిపెట్టుకొనియుండుటయు నిజమే. పిల్లలలో కొందరికి జ్వరము, కొందరికి కొలదిపాటి దద్దు వచ్చెను. అందరికిని రక్షణ కలిగెను. అయినను తమ మాట తాము చెప్పుకొనలేని పిల్లలను మొదటి పరీక్షకు ఎన్నుకొనుట నేటి ధర్మమునకు సమ్మతము కాదు. ఆనాడు అది లోకవాడుక గనుక ఎండర్సును వేరుగా నిందింపను. వాడుక గనుక సరియేయని సమర్థింపను గూడ. మన పిల్లలు నేడు అనుభవించుచున్న రక్షణకు ఆ పదునొకండుగురు పేరు లేని దాతలు. వారికిని నమస్కరించి ముందుకు సాగుదము.

1960లో ఈ పరిశోధనల వ్యాసములు ప్రకటింపబడగా పత్రికలు ఎండర్సును ఆకాశమున కెత్తినవి. ఆయన పత్రికా సంపాదకునకు జాబు వ్రాసి, ఇది తన ఒక్కని పని కాదనియు, పలువురు సహచరులును, పలు సంస్థలును కలిసి చేసినదనియు తెలియజేసెను. టీకాపై హక్కులు దాచుకొనలేదు. పేటెంటు తీసికొని ధనము గడింపలేదు. కోరిన పరిశోధకులకును, తయారీదారులకును ఎడ్మన్‌స్టను బీజమును పంచి యిచ్చెను. వచ్చినవారికి పెంచు విధము నేర్పెను. మన ప్రాంతపు ద్రాక్షతోటలలో ఒకరి తీగ ముక్క తీసికొనిపోయి మరియొకరు పందిరి వేసికొనునట్లు, ఆ బీజము దేశదేశములకు ప్రాకెను. పడమటి ఆఫ్రికాలో తట్టు పడిన పిల్లలు బోస్టను పిల్లలకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా మరణించుచుండిరి. అచట పనిచేయుచుండిన డేవిడ్ మోర్లీ అను వైద్యుని పిలుపునందుకొని కాట్జు టీకాను నైజీరియాకు కొనిపోయెను.

1963 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఈ టీకాకు అనుమతి నిచ్చెను. మొదట దాని వలన జ్వరము కొంత హెచ్చుగా వచ్చుచుండుటచే రక్తమునుండి తీసిన గామా గ్లోబ్యులినును గూడ వెంట నిచ్చుచుండిరి. 1968లో మారిస్ హిల్లెమను అను శాస్త్రజ్ఞుడు అదే బీజమును ఇంకను సాధుపరచి ఆ బాధ తప్పించెను. జాగ్రెబ్ నగరమున పెంచబడిన దాని మరియొక శాఖయే పుణె నగరమందు తయారై మన దేశమంతట వాడబడుచున్నది. ఫే పాఠశాల బాలుని పేరు నేటికిని ఆ శాఖపేరులో నిలిచియున్నది.

టీకా రాకపూర్వము తట్టు వలన లోకమున ఏటేట సుమారు 26 లక్షలమంది మరణించుచుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. 2023లో ఆ సంఖ్య దాదాపు 1,07,500. పోయినవారిలో హెచ్చుమంది ఐదేండ్లలోపు పిల్లలే. టీకా ఉండియు వేయించుకొననందున, లేక అందనందున పోయినవారు. మన దేశమున 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమముతో తట్టు టీకా ఉచితముగా వచ్చెను. 2017 ఆగస్టులో మన తెలంగాణ రాష్ట్రమున తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లలందరికి తట్టు, రుబెల్లా టీకా వేసిరి. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండగనే ఒకటి, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ మరియొకటి. జనములో నూటికి 95 మంది పిల్లలకు రెండును పడినగాని తట్టు ఆగదు. మొదటిది వేయించి రెండవది మరచినవారు మన యూళ్లలో కలరు. ఇటుక బట్టీలకును, కట్టడముల పనులకును వలస వచ్చి నెలకొక చోట గుడిసె వేసికొనువారి పిల్లల కార్డులు చూచినచో రెండవ గడి తరచుగా ఖాళీగా నుండును. చిట్టాలో బాకీ నిలిచినచో నాకు రాత్రి నిద్రపట్టదు. ఈ బాకీ ఏ చిట్టాలో నెక్కునో, ఎవరు వసూలు చేయుదురో గ్రామ పెద్దలు విచారింపవలెను.

మన ప్రాంతమునకు ఈ కథతో మరియొక చుట్టరికము గలదు. 1999 మొదలు శామీర్‌పేట ప్రక్కన జీనోమ్ వ్యాలీ పేర శాస్త్ర పరిశోధనల వాడ వెలసినది. తుర్కపల్లి వైపు పోవు దారిలో ఆ ఎత్తైన ప్రహరీలను చూడనివారు లేరు. అందు భారత్ బయోటెక్ వారు పసిపిల్లల విరేచనములకు కారణమైన రోటా వైరసుపై తయారుచేసిన టీకా 2015లో వెలువడెను. ఆ వైరసును పెంచునది కోతి మూత్రపిండమునుండి వచ్చిన కణములలో. పాత్రలు పెద్దవైనవి, యంత్రములు క్రొత్తవి. విద్య మాత్రము బోస్టను పిల్లల ఆసుపత్రిలో గాజుగొట్టముల నడుమ పెరిగినదే. మన యూరి పిల్లలు కొందరు ఆ కార్ఖానాలలో పనికి పోవుచున్నారు. మన గ్రంథాలయ సభ్యులు గూడ వారిలో కలరు.

ఎండర్సు స్వభావమును గూర్చి శిష్యులు చెప్పినవి కొన్ని. మెడకు చిన్న బో టై, నోట పొగగొట్టము, మితభాషణము. శిష్యులు ఆయనను పెద్దాయన యనునర్థము గల పేరుతో పిలుచుకొనెడివారు. ప్రతిదినము ప్రతివాని బల్లకడకు పోయి క్రొత్త విశేషమేమని యడిగి, చెప్పినది ఓపికగా విని, గొట్టములను తానును కండ్లార చూచి పోవుచుండెను. ఆజ్ఞాపించుట తక్కువ. 1951లో కారొలిను అను నామెను వివాహమాడెను. 1963లో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకము లభించెను. డెబ్బదియేండ్లకు పదవి విరమించిన పిదపను ప్రయోగశాలకు పోవుట మానలేదు.

సాహిత్యమును ఆయన ఏనాడును విడువలేదు. 1985 సెప్టెంబరులో కనెక్టికట్ సముద్రతీరమున వాటర్‌ఫర్డు గ్రామమందలి తన యింట, ఒక సాయంకాలము భార్యకును కుమార్తెకును టి. యస్. ఎలియటు కవిత్వమును చదివి వినిపించెను. చదువుట ముగించి పుస్తకము మూసి మేడమీదికి పోయి పడుకొనెను. ఆ రాత్రియే నిశ్శబ్దముగా ప్రాణము విడిచెను. అప్పటికి ఆయనకు ఎనుబదియెనిమిదేండ్లు.